పెర్ల్ సిజిఐ స్క్రిప్టుల్లో హెడర్ దోషాలు

నిర్వచనం, పరిధి

పెర్ల్ భాషలో రాసిన వెబ్ స్క్రిప్టు, తాను పంపబోయే పుట ఎటువంటిదో తెలిపే ప్రారంభ వరుసలను సర్వర్‌కు సరైన రూపంలో, సరైన క్రమంలో అందించలేనప్పుడు తలెత్తే లోపాలను హెడర్ దోషాలు అంటారు. హెడర్ అంటే సర్వర్ నుంచి బ్రౌజర్‌కు వెళ్లే సమాధానంలో అసలు పాఠానికి ముందుండే సమాచార భాగం. అందులో ఒక్కొక్క వరుసలో ఒక పేరు, దాని తరువాత కోలన్ గుర్తు, ఆ పైన ఒక విలువ ఉంటాయి. ఈ దోషాల్లో అధిక భాగం బ్రౌజర్‌లో ‘ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్’ అనే ఒకే సందేశంగా, 500 అనే స్థితి సంఖ్యతో కనిపిస్తాయి. కారణాలు ఎన్నో ఉన్నా బయటికి కనిపించే లక్షణం ఒక్కటే కావడం వల్ల కొత్తగా నేర్చుకునేవారికి ఇవి ఒక పట్టాన అంతుచిక్కవు.

మరికొన్ని సందర్భాల్లో పుట తెరుచుకుంటుంది గాని దానిమీద హెడర్ వరుసే పాఠంగా కనిపిస్తుంది, లేదా తెలుగు అక్షరాలు ఉండవలసిన చోట పొంతనలేని గుర్తులు బారులు తీరి వస్తాయి. ఈ రెండవదాన్ని మామూలుగా ఫాంటు సమస్య అనుకుంటారు; నిజానికి అది చాలాసార్లు హెడర్ దోషమే. ఆంగ్లంలో మాత్రమే పుటలు తయారుచేసే విద్యార్థి ఎన్నడూ చూడని కొన్ని దోషాలు, తెలుగులో ఒక్క మాట ముద్రించదలచిన విద్యార్థికి మొదటి స్క్రిప్టులోనే ఎదురవుతాయి. పాఠ్యగ్రంథాలు సాధారణంగా దాటవేసే ఆ దోషాలకు ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఇవ్వబడింది. ఉదాహరణగా, విజయవాడ గుణదలలో ఏటా ఫిబ్రవరి 11తో ముగిసే మేరీమాత ఉత్సవాల సమయాలను చూపే ఒక చిన్న స్క్రిప్టును, అందులోనూ ‘గుణదల’ అనే ఒక్క మాటను ఊహించుకుంటే చాలు.

చరిత్ర

పెర్ల్ భాషను లారీ వాల్ 1987 డిసెంబరు 18న విడుదల చేశాడు. పెద్ద పాఠాలను వడగట్టి నివేదికలు తయారుచేయడం దాని తొలి ప్రయోజనం. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు సూపర్‌కంప్యూటింగ్ కేంద్రమైన ఎన్‌సిఎస్ఎలో రాబ్ మెకూల్ రాసిన వెబ్ సర్వర్‌తో కామన్ గేట్‌వే ఇంటర్‌ఫేస్, క్లుప్తంగా సిజిఐ, వాడుకలోకి వచ్చింది. ఒక కోరిక అందగానే సర్వర్ బయటి ప్రోగ్రామును నడిపించి, అది రాసిన పాఠాన్ని బ్రౌజర్‌కు చేర్చే ఒప్పందమే సిజిఐ. పాఠాన్ని మలచడంలో పెర్ల్‌కున్న నేర్పు వల్ల ఈ పనికి అదే అందరి భాష అయింది. 1994 అక్టోబరులో పెర్ల్ 5 వచ్చింది. లింకన్ స్టైన్ రాసిన సిజిఐ.పిఎం అనే మాడ్యూలు 1997లో పెర్ల్ 5.004తో పాటు మూల పంపిణీలో చేరింది. హెడర్ వరుసలను ప్రోగ్రామరు చేత్తో రాయనక్కరలేకుండా చేయడం దాని ముఖ్య సౌకర్యాల్లో ఒకటి. సిజిఐ ఒప్పందం మాత్రం చాలాకాలం అనధికార పత్రంగానే చలామణి అయి, 2004 అక్టోబరులో ఆర్ఎఫ్‌సి 3875గా ప్రచురితమైంది.

హెడర్ రూపం వెబ్‌కంటే పాతది. పేరు, కోలన్, విలువ, చివరికి ఒక ఖాళీ వరుస అనే ఏర్పాటు 1982 నాటి ఈ-మెయిల్ ప్రమాణమైన ఆర్ఎఫ్‌సి 822 నుంచి వచ్చింది. పంపే వస్తువు రకాన్ని తెలిపే ‘కంటెంట్-టైప్’ అనే వరుస 1992 నాటి మైమ్ ప్రమాణం నుంచి వచ్చింది.

తొలినాటి వెబ్‌లో పేరుపొందిన కొన్ని వ్యవస్థలు ఈ పద్ధతిలోనే నడిచాయి. 2001 జనవరిలో మొదలైన ఆంగ్ల వికీపీడియా తొలి ఏడాది యూజ్‌మాడ్‌వికీ అనే పెర్ల్ సిజిఐ స్క్రిప్టు మీద పనిచేసింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టేనాటికి ఆ వ్యవస్థ పిహెచ్‌పి భాషకు మారిపోయింది. తెలుగువారికి మరింత దగ్గరి ఉదాహరణ షికాగో విశ్వవిద్యాలయపు దక్షిణాసియా డిజిటల్ నిఘంటువుల వేదిక. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కూర్చిన తెలుగు–ఆంగ్ల నిఘంటువు 1903 నాటి సవరించిన ముద్రణను అది వెబ్‌లో పెట్టి, చాలా ఏళ్లపాటు సిజిఐ-బిన్ సంచయంలోని ఒక పెర్ల్ స్క్రిప్టు ద్వారా వెతుకులాటకు వీలు కల్పించింది.

భారతదేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విఎస్ఎన్ఎల్ ద్వారా అందింది. ఆనాటి నుంచి వెబ్‌లో తెలుగు మూడు దశలు దాటింది, ఒక్కొక్క దశలో హెడర్ బాధ్యత ఒక్కొక్క రకంగా ఉండేది. మొదటిది రోమన్ లిపి దశ: రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టిఎస్ లిప్యంతరీకరణ పద్ధతిలో తెలుగును ఆంగ్లాక్షరాలతోనే రాసేవారు గనుక, హెడర్‌లో అక్షర సంకేతం పేరు ఉన్నా లేకున్నా నష్టం లేదు. రెండవది సొంత ఫాంట్ల దశ: ఈనాడు, వార్త వంటి పత్రికలు తమ తమ ఫాంట్లకు సరిపడే ఎనిమిది బిట్ల సంకేతాలను వాడేవి, ఆ ఫాంటు లేని యంత్రంలో పుట చదవడం సాధ్యమయ్యేది కాదు. మూడవది యూనికోడ్ దశ. ఏ ఫాంటులోనైనా చదవగల తెలుగు అప్పుడే వచ్చింది, దానితో పాటే హెడర్‌లోని ఒక చిన్న మాట మీద పుట మొత్తం ఆధారపడే స్థితి కూడా వచ్చింది.

హెడర్ పనిచేసే తీరు

బ్రౌజర్ నుంచి కోరిక రాగానే అపాచీ వంటి సర్వర్ కొత్త ప్రక్రియను సృష్టించి, కోరిక వివరాలను పరిసర చలరాశులలో ఉంచి, స్క్రిప్టును నడిపిస్తుంది. స్క్రిప్టు ‘ప్రింట్’ ఆదేశంతో రాసినదంతా ప్రామాణిక ఉత్పాదక మార్గం ద్వారా సర్వర్‌కు చేరుతుంది. హెచ్చరికలు, దోష సందేశాలు మరొక మార్గంలో ఎర్రర్ లాగ్ అనే దోషాల చిట్టాలోకి పోతాయి. ఈ రెండు మార్గాలు వేరని గుర్తించడమే దోషశోధనకు తొలి మెట్టు.

సర్వర్ మొదటి మార్గంలో వచ్చిన పాఠాన్ని వరుస తరువాత వరుసగా చదువుతూ, ఖాళీ వరుస తగిలేదాకా వచ్చినదంతా హెడర్ అని, ఆ తరువాతిదంతా పుట శరీరమని భావిస్తుంది. ప్రమాణం ప్రకారం స్క్రిప్టు కనీసం ‘కంటెంట్-టైప్’, ‘లొకేషన్’, ‘స్టేటస్’ అనే మూడింటిలో ఒకదాన్ని పంపాలి. మొదటిది వస్తువు రకాన్ని, రెండవది బ్రౌజర్ వెళ్లవలసిన మరో చిరునామాను, మూడవది స్థితి సంఖ్యను తెలుపుతాయి. మామూలు పుటకు ‘కంటెంట్-టైప్: టెక్స్ట్/హెచ్‌టిఎంఎల్; క్యార్‌సెట్=యుటిఎఫ్-8’ అనే ఒక్క వరుస, దాని వెంట ఖాళీ వరుస చాలు. పెర్ల్‌లో కొత్త వరుసను బ్యాక్‌స్లాష్, ఎన్ అనే జంట గుర్తుతో రాస్తారు. వరుస ముగింపుకు ఒకటి, ఖాళీ వరుసకు మరొకటి, వెరసి రెండు జంటలు ఉండాలి.

దోషాల రకాలు

చిట్టాలో కనిపించే సందేశాలను బట్టి ఈ దోషాలను రెండు పెద్ద వర్గాలుగా విడదీయవచ్చు. స్క్రిప్టు హెడర్ పూర్తిచేయకుండానే ఆగిపోతే పాత అపాచీ ‘ప్రిమెచ్యూర్ ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ హెడర్స్’ అని, 2.4 తరగతి అపాచీ ‘ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ ఔట్‌పుట్ బిఫోర్ హెడర్స్’ అని నమోదు చేస్తాయి. స్క్రిప్టు ఏదో పంపినా అది హెడర్ రూపంలో లేకపోతే ‘మాల్‌ఫార్మ్‌డ్ హెడర్ ఫ్రమ్ స్క్రిప్ట్’ అని రాసి, తప్పుగా ఉన్న వరుసను కూడా పక్కనే ఉటంకిస్తాయి. రెండవ సందేశం దారి చూపే సందేశం, ఎందుకంటే ఉటంకించిన వరుసను బట్టి అది స్క్రిప్టులో ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. మొదటిది హెడర్ అందలేదని మాత్రమే చెబుతుంది. అసలు కారణం చిట్టాలో దానికి పైనున్న వరుసల్లో ఉంటుంది, కొత్తవారు ఆ పై వరుసలనే చదవరు. కారణాన్ని బట్టి చూస్తే ఈ దోషాలు కింది రకాలుగా ఉంటాయి.

సంకలన దోషాలు: పెర్ల్ స్క్రిప్టు మొత్తాన్ని ముందు సంకలనం చేసి, ఆ తరువాతే మొదటి ఆదేశాన్ని నడిపిస్తుంది. అందువల్ల రెండవ వరుసలో హెడర్ నిర్దుష్టంగా ఉన్నా, రెండువందలవ వరుసలో ఒక సెమీకోలన్ లోపిస్తే ఆ హెడర్ వెలువడనే వెలువడదు. హెడర్ అందలేదన్న సందేశం చూసి హెడర్ వరుసనే పదేపదే దిద్దడం ఇక్కడ వృథా శ్రమ. జంట ఉద్ధరణ చిహ్నాల మధ్య ఈ-మెయిల్ చిరునామాను యథాతథంగా రాయడం ఈ వర్గంలో తరచుగా కనిపించే తప్పు: అందులోని ‘ఎట్’ గుర్తును పెర్ల్ శ్రేణి పేరుకు ఆరంభంగా తీసుకుంటుంది గనుక, ‘స్ట్రిక్ట్’ నియమం అమలులో ఉంటే సంకలనం అక్కడే ఆగిపోతుంది. ఆ గుర్తుకు ముందు బ్యాక్‌స్లాష్ ఉంచితే సరిపోతుంది. హియర్‌డాక్ అనే బహువరుస పాఠ పద్ధతిలో ముగింపు మాట తరువాత కంటికి కనిపించని ఖాళీ ఒకటి మిగిలినా, పెర్ల్ ఆ ముగింపును గుర్తించలేక ఫైలు చివరిదాకా వెతికి విఫలమవుతుంది.

మాడ్యూలు దొరకకపోవడం కూడా సంకలన దశలోనే బయటపడుతుంది. 2017లో వచ్చిన పెర్ల్ 5.26 నుంచి స్క్రిప్టు నడుస్తున్న సంచయాన్ని మాడ్యూళ్ల వెతుకులాట దారిలోంచి తొలగించారు. అంతవరకు పనిచేసిన పాత స్క్రిప్టులు, పక్కనే ఉన్న తమ సొంత మాడ్యూలు దొరకక, సర్వర్ నవీకరణ జరిగిన మర్నాడు 500 సంఖ్య చూపడానికి ఇది ఒక కారణం. ‘యూజ్ లిబ్’ ఆదేశంతో ఆ సంచయపు పూర్తి దారిని ఇవ్వడం దీనికి విరుగుడు.

ముద్రణ రూప దోషాలు: కొత్త వరుస గుర్తు ఒక్కటే రాస్తే ఖాళీ వరుస ఏర్పడదు, సర్వర్ పుటలోని తొలి వరుసను సైతం హెడర్‌గా చదవబోయి కోలన్ కనిపించక తిరస్కరిస్తుంది. హెడర్‌ను ఒంటి ఉద్ధరణ చిహ్నాల్లో పెడితే బ్యాక్‌స్లాష్, ఎన్ అనేవి కొత్త వరుసగా మారక ఉన్నవి ఉన్నట్టే వెళ్తాయి. హియర్‌డాక్ పాఠం పైన ఒక ఖాళీ వరుస ఉంటే ఫలితం వేరు: ఆ ఖాళీ వరుసతోనే హెడర్ ముగిసిందని అపాచీ భావిస్తుంది, దానితో ‘కంటెంట్-టైప్’ వరుస పుట మీద పాఠంగా కనిపిస్తుంది. సిజిఐ.పిఎంలోని హెడర్ ఫంక్షన్‌ను రెండుసార్లు పిలిచినా, పుట మొదలైన తరువాత కుకీని పంపబోయినా ఇదే జరుగుతుంది. కుకీ కూడా హెడర్ వరుసే. ఖాళీ వరుస దాటాక దానికి చోటు లేదు.

క్రమ దోషాలు: పెర్ల్ తాను ముద్రించిన పాఠాన్ని వెంటనే పంపక కొంత పోగుచేసి పంపుతుంది. 5.6కు ముందటి పెర్ల్‌లో, స్క్రిప్టు హెడర్ ముద్రించి, ఆ వెంటనే ‘సిస్టమ్’ ఆదేశంతో మరొక ప్రోగ్రామును నడిపిస్తే, ఆ రెండవ ప్రోగ్రాము తన పాఠాన్ని నేరుగా పంపి ముగిసిపోయేది; పోగులో ఉన్న హెడర్ దాని తరువాత చేరేది. కోడ్‌లో క్రమం సరిగానే ఉంది, సర్వర్‌కు అందిన క్రమం తలకిందులైంది. డాలర్ గుర్తు, నిలువు గీత కలిసిన ప్రత్యేక చలరాశికి 1 విలువ ఇస్తే పోగుచేయడం ఆగి ఈ దోషం పోతుంది; 5.6 నుంచి, మరొక ప్రోగ్రామును నడిపేముందు పోగును పంపేయడానికి పెర్ల్ తానే ప్రయత్నిస్తుంది. కోడ్‌ను ఎంత పరిశీలించినా దొరకనిది కావడం వల్ల, ఆనాటి ముద్రణ దోషాల్లో ఎక్కువ సమయం తిన్నది ఇదే.

ఫైలు దోషాలు: స్క్రిప్టు మొదటి వరుసలో హ్యాష్, ఆశ్చర్యార్థకం గుర్తుల వెంట పెర్ల్ ఉన్న దారి రాయాలి, దీన్ని షెబాంగ్ వరుస అంటారు. విండోస్‌లో రాసిన ఫైలును లినక్స్ సర్వర్‌కు బైనరీ పద్ధతిలో ఎక్కిస్తే వరుస చివర మిగిలే క్యారేజ్ రిటర్న్ అనే అదృశ్య సంకేతం ఆ దారిలో భాగమైపోతుంది, ఆ పేరు గల ప్రోగ్రాము లేదని వ్యవస్థ చెబుతుంది. అనుమతుల విషయంలో 755 సరైన విలువ. పని జరగడం లేదని కొందరు 777 ఇస్తారు. సుఎగ్జెక్ అనే రక్షణ ఏర్పాటు ఉన్న అద్దె సర్వర్లలో, ఇతరులు మార్చగల ఫైలును నడపకూడదన్న నియమం వల్ల, అదే కొత్త దోషానికి కారణమవుతుంది.

తెలుగు పాఠం, హెడర్

యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించబడ్డాయి (చూ. యూనికోడ్). యుటిఎఫ్-8 సంకేత పద్ధతిలో వీటిలో ప్రతిదానికి మూడేసి బైట్లు పడతాయి. ‘గుణదల’ అనే మాటలో గ, ఉకార గుర్తు, ణ, ద, ల అనే ఐదు సంకేతాలు ఉన్నాయి. బైట్ల లెక్కలో అది 15. మొదటి అక్షరమైన ‘గ’ 224, 176, 151 అనే మూడు బైట్లుగా వెళ్తుంది. ఇది యుటిఎఫ్-8 అని హెడర్ చెబితే బ్రౌజర్ ఈ మూడింటిని కలిపి ‘గ’ అని చూపుతుంది. పాశ్చాత్య ఐరోపా భాషల సంకేతమని చెబితే ఒక్కొక్క బైటును ఒక్కొక్క అక్షరంగా తీసుకుని, తలపై వాలుగీత ఉన్న రోమన్ ‘ఎ’, డిగ్రీ గుర్తు, పొడవాటి అడ్డగీత చూపుతుంది. తెలుగు బైట్లు ఎక్కువగా 224, 176 అనే జతతోనో 224, 177 అనే జతతోనో మొదలవుతాయి గనుక, చెడిన తెలుగు పుట నిండా ఆ వాలుగీత ‘ఎ’ అక్షరమే కనిపిస్తుంది. ఆ గుర్తు కనిపించిందంటే ఫాంటును కాక హెడర్‌ను చూడాలి.

సిజిఐ.పిఎం విషయంలో ఈ హెచ్చరిక మరింత అవసరం. దాని హెడర్ ఫంక్షన్‌కు ఏమీ చెప్పకుండా వదిలేస్తే అక్షర సంకేతంగా ఐఎస్ఓ-8859-1 అని తానే రాస్తుంది. పుటలోని మెటా ట్యాగులో యుటిఎఫ్-8 అని ఉన్నా లాభం లేదు, ఎందుకంటే హెచ్‌టిటిపి హెడర్‌లో చెప్పినదే మెటా ట్యాగులో చెప్పినదానిపై చెల్లుతుంది. చేత్తో రాసిన హెడర్‌తో చక్కగా కనిపించిన తెలుగు, పాఠ్యగ్రంథం సలహా మేరకు మాడ్యూలుకు మారగానే చెడిపోవడం ఇందువల్లనే. ఫంక్షన్‌కు ‘క్యార్‌సెట్’ విలువను యుటిఎఫ్-8గా స్పష్టంగా ఇవ్వడం తప్పనిసరి. హెడర్‌లో సంకేతం పేరు అసలు లేనప్పుడు సర్వర్ అమరికల్లోని ‘యాడ్ డిఫాల్ట్ క్యార్‌సెట్’ ఆదేశం తన విలువను చేర్చగలదు. ఒకే స్క్రిప్టు ఒక సర్వర్‌లో తెలుగు చూపి మరొక సర్వర్‌లో చూపకపోతే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

హెడర్ సరిగా ఉండీ పుట చెడే సందర్భం కూడా ఉంది. పెర్ల్‌కు మూల ఫైలు యుటిఎఫ్-8లో ఉందని చెప్పేది ‘యూజ్ యుటిఎఫ్8’ ఆదేశం. వెలువరించే పాఠాన్ని యుటిఎఫ్-8గా మార్చమని చెప్పేది ‘బిన్‌మోడ్’ ఆదేశం. రెండూ లేకపోతే 15 బైట్లు ఉన్నవి ఉన్నట్టే వెళ్లి మాట సరిగానే కనిపిస్తుంది. రెండూ ఉన్నా సరిగానే ఉంటుంది. మొదటిది మాత్రమే ఉంటే మాట కనిపిస్తుంది గాని చిట్టాలో ‘వైడ్ క్యారెక్టర్ ఇన్ ప్రింట్’ అనే హెచ్చరిక చేరుతుంది. రెండవది మాత్రమే ఉంటే, అప్పటికే యుటిఎఫ్-8గా ఉన్న ఒక్కొక్క బైటును పెర్ల్ మళ్లీ సంకేతీకరించి 15 బైట్లను 30 చేస్తుంది. ఇక ఏ హెడర్ ఆ పుటను బాగుచేయలేదు. రెండు ఆదేశాలను కలిపే వాడడం ఉత్తమం. అప్పుడు ఫారం ద్వారా వచ్చిన పాఠాన్ని కూడా డీకోడ్ చేసుకోవాలి, లేకపోతే స్క్రిప్టులో రాసిన తెలుగు బాగుండి, పాఠకుడు టైపు చేసిన తెలుగు మాత్రం అదే పుటలో చెడి కనిపిస్తుంది.

పుట పొడవును తెలిపే ‘కంటెంట్-లెంగ్త్’ వరుసను స్వయంగా రాయబోయేవారు ‘లెంగ్త్’ ఫంక్షన్‌ను నమ్ముకుంటారు. ‘యూజ్ యుటిఎఫ్8’ ఉన్నప్పుడు ‘గుణదల’కు అది 5 అని చెబుతుంది, పంపవలసిన బైట్లు 15. స్క్రిప్టు చెప్పిన పొడవును యథాతథంగా పంపే సర్వర్లలో బ్రౌజర్ ఐదు బైట్ల దగ్గర ఆగుతుంది: తెరమీద ‘గ’, దాని పక్కన విరిగిన అక్షరాన్ని సూచించే ప్రశ్నార్థకపు గుర్తు మాత్రమే ఉంటాయి. ఈ వరుసను రాయకుండా సర్వర్‌కే వదలడం మేలు. హెడర్ విలువల్లో నేరుగా తెలుగు అక్షరాలు పెట్టడం కూడా సురక్షితం కాదు. ‘లొకేషన్’ చిరునామాలో ‘గుణదల’ ఉండాలంటే ప్రతి బైటును శాతం గుర్తు, రెండు హెక్స్ అంకెలతో రాయాలి, అప్పుడా మాట 45 గుర్తుల పొడవవుతుంది.

ఎడిటర్ వల్ల వచ్చే దోషం వీటన్నిటికంటే ముందే అడ్డుతగులుతుంది. ఆంగ్లం మాత్రమే ఉన్న ఫైలును పాత విండోస్ నోట్‌ప్యాడ్ అన్సి పద్ధతిలో దాచేది. అందులో ఒక్క తెలుగు అక్షరం చేరగానే ఆ పద్ధతిలో దాచితే అక్షరాలు పోతాయని హెచ్చరించేది, విద్యార్థి యుటిఎఫ్-8 ఎంచుకునేవాడు. ఆ ఎంపికతో ఫైలు మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్ల బామ్ గుర్తు చేరేది. లినక్స్ కెర్నెల్ షెబాంగ్‌ను గుర్తించడానికి ఫైలులోని మొదటి రెండు బైట్లనే చూస్తుంది. అక్కడ హ్యాష్ గుర్తుకు బదులు బామ్ ఉండడంతో ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అని నిరాకరిస్తుంది. కమాండ్ వరుసలో పెర్ల్ పేరు రాసి దాని పక్కన ఫైలు పేరు ఇస్తే మాత్రం స్క్రిప్టు చక్కగా నడుస్తుంది, ఎందుకంటే పెర్ల్ ఆ గుర్తును గుర్తుపట్టి దాటవేస్తుంది. 2019 నాటి విండోస్ 10 నవీకరణ నుంచి నోట్‌ప్యాడ్ బామ్ లేని యుటిఎఫ్-8ను సహజ ఎంపికగా చేసుకుంది. పాత యంత్రాలున్న ప్రయోగశాలల్లో ఈ దోషానికి ఇంకా తావుంది.

కీబోర్డు మార్పిడి కూడా ఒక కారణం. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో సెమీకోలన్ మీట నొక్కితే ‘చ’ పడుతుంది. తెలుగు మాట టైపు చేసి, ఆంగ్ల అమరికకు మారడం మరచి వాక్యం ముగిస్తే, సెమీకోలన్ ఉండవలసిన చోట ‘చ’ నిలిచి సంకలనం విఫలమవుతుంది. వర్డ్ ప్రాసెసర్ నుంచి తెచ్చి అతికించిన కోడ్‌లో వంపు ఉద్ధరణ చిహ్నాలు ఉంటే కూడా ఇంతే.

దోష నిర్ధారణ పద్ధతి

ఎర్రర్ లాగ్ చదవడంతోనే పరిశీలన మొదలుకావాలి. అద్దె సర్వర్లలో ఇది నియంత్రణ ఫలకంలోనే దొరుకుతుంది. ఆ పైన పెర్ల్‌కు సి, డబ్ల్యు అనే ఐచ్ఛికాలు ఇచ్చి నడిపితే స్క్రిప్టును అమలు చేయకుండా సంకలనం మాత్రమే చేసి, తప్పు లేకపోతే ‘సింటాక్స్ ఓకే’ అంటుంది. ఇది నెగ్గితే ఫైలు దోషాల సంగతి తేల్చాలి. పెర్ల్ ద్వారా కాక, చుక్క, వాలుగీత ముందుంచి ఫైలును నేరుగా నడపాలి. సర్వర్ చేసేదానికి దగ్గరగా ఉండేది ఈ పద్ధతే, క్యారేజ్ రిటర్న్, బామ్, అనుమతి దోషాలు మూడూ ఇందులో బయటపడతాయి. సందేహం ఉంటే ‘ఓడి’ అనే ఆదేశానికి సి ఐచ్ఛికం ఇచ్చి ఫైలు మొదటి బైట్లను చూడవచ్చు. బామ్ ఉంటే 357, 273, 277 అనే అష్టాంశ సంఖ్యలు కనిపిస్తాయి.

కమాండ్ వరుసలో నడిచి సర్వర్‌లో నడవని స్క్రిప్టు విషయంలో, అదే సంచయంలో షెబాంగ్, హెడర్, ఒక్క మాట మాత్రమే ఉన్న మూడు వరుసల స్క్రిప్టును పెట్టి చూడాలి. అదీ విఫలమైతే లోపం సర్వర్ అమరికలోనో అనుమతుల్లోనో ఉంది; అది నడిస్తే లోపం అసలు స్క్రిప్టులోనే ఉంది. సర్వర్ వేరొక వాడుకరి పేరుతో, వేరొక పరిసరంతో స్క్రిప్టును నడుపుతుంది గనుక ఫైళ్లకు పూర్తి దారి ఇవ్వడం, ఆ వాడుకరికి చదివే అనుమతి ఉందో లేదో చూడడం అవసరం. పుట కనిపించి తెలుగు మాత్రం చెడితే, ‘కర్ల్’ ఆదేశానికి ఐ ఐచ్ఛికం ఇచ్చి సర్వర్ పంపిన హెడర్‌ను ముడిరూపంలో చూడాలి. బ్రౌజర్ తన అంచనాలను కలిపి చూపగలదు, కర్ల్ వచ్చినది వచ్చినట్టు చూపుతుంది.

సిజిఐ::కార్ప్ మాడ్యూలులోని ‘ఫేటల్స్ టు బ్రౌజర్’ సౌకర్యం, స్క్రిప్టును ఆపేసిన దోషాన్ని తగిన హెడర్‌తో సహా బ్రౌజర్‌లోనే చూపుతుంది. చిట్టా చూసే వీలులేని విద్యార్థికి ఇది ఎంతో ఉపకరిస్తుంది. అయితే దాన్ని స్క్రిప్టులో ఇతర మాడ్యూళ్లకంటే పైన పెట్టాలి. షెబాంగ్, బామ్ దోషాల్లో పెర్ల్ అసలు మొదలే కాదు గనుక అక్కడ అది నిరుపయోగం.

భద్రతాంశాలు

బ్రౌజర్‌లో కనిపించే దోష సందేశం సర్వర్‌లోని ఫైళ్ల దారులను, మాడ్యూళ్ల పేర్లను పరాయివారికి కూడా తెలియజేస్తుంది. అందువల్ల ఫేటల్స్ టు బ్రౌజర్ వరుసను, స్క్రిప్టును ప్రజలకు తెరిచేముందు తొలగించాలి. అంతకంటే తీవ్రమైనది హెడర్ చొప్పింపు. వాడుకరి ఇచ్చిన విలువను వడగట్టకుండా ‘లొకేషన్’ వరుసలోనో కుకీలోనో పెడితే, అందులో కొత్త వరుస గుర్తును దాచి పంపిన వ్యక్తి తనకిష్టమైన హెడర్లను, ఖాళీ వరుసను దాటి సొంత పుటను సైతం సమాధానంలోకి చొప్పించగలడు. బ్రౌజర్ నుంచి వచ్చిన ఏ విలువనైనా హెడర్‌లో ఉంచేముందు క్యారేజ్ రిటర్న్, కొత్త వరుస సంకేతాలను తొలగించడం తప్పనిసరి.

ప్రస్తుత స్థితి

సిజిఐ పద్ధతిలో ప్రతి కోరికకు పెర్ల్‌ను మొదటినుంచి నడపవలసి రావడం వల్ల రద్దీ ఉన్న వెబ్‌సైట్లు మొదట మాడ్‌పెర్ల్‌కు, ఫాస్ట్‌సిజిఐకి, 2009 తరువాత తత్సుహికో మియాగవా రూపొందించిన పిఎస్‌జిఐ, ప్లాక్‌లకు మారాయి. పిఎస్‌జిఐలో స్క్రిప్టు పాఠాన్ని ముద్రించదు. స్థితి సంఖ్య, హెడర్ల జాబితా, శరీరం అనే మూడింటిని శ్రేణిగా తిరిగి ఇస్తుంది. ఖాళీ వరుస మరచిపోవడం, క్రమం తలకిందులు కావడం అనే దోషాలు ఇక్కడ పుట్టనే పుట్టవు. తెలుగు దోషాలు మాత్రం పోలేదు: శరీరంలో బైట్లే ఉండాలని పిఎస్‌జిఐ నియమం, డీకోడ్ అయిన తెలుగు పాఠాన్ని సంకేతీకరించకుండా ఇస్తే ఆ నియమం భంగమవుతుంది. మోజోలీషియస్ చట్రం తన టెంప్లేట్లను యుటిఎఫ్-8గా భావించి, హెడర్‌లో ఆ పేరు తానే రాసి, లైట్ రూపంలో ‘యూజ్ యుటిఎఫ్8’ను కూడా తానే అమలుచేస్తుంది, తెలుగు పుటలతో మొదలుపెట్టే విద్యార్థికి సిజిఐ కంటే అది తగిన ఎంపిక.

సిజిఐ.పిఎంను 2014 నాటి పెర్ల్ 5.20లో విరమణ జాబితాలో చేర్చి, 2015 నాటి 5.22లో మూల పంపిణీ నుంచి తొలగించారు. ఆ తరువాతి పెర్ల్ ఉన్న సర్వర్‌లో పాత పాఠ్యగ్రంథంలోని ఉదాహరణను నడపాలంటే ఆ మాడ్యూలును సిపాన్ భాండాగారం నుంచి విడిగా స్థాపించుకోవాలి. అది లేకపోతే సంకలనం ఆగి, హెడర్ వెలువడక, చిట్టాలో చేరేది హెడర్ అందలేదన్న సందేశమే.